బాలశౌరి గారు నిద్రపోలేదు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విజయవాడ వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టు నడిపే ఆడమనిషికి ఆ మాత్రం కోపం లేకపోతే పొద్దు గడవదు. కానీ పోయిన మార్గశిరంలో ఆ కోపంలో నేను మా డ్రైవరుని ఒక మాట అన్నాను. ఆ మాటకి ఆయనా, నేనూ కాలవలో పోవలసినవాళ్ళం. ఇవాళ్టికీ కారు కొంచెం కుడికి జరిగితే నా చెయ్యి దానంతటదే ముందు సీటు పట్టుకుంటుంది.

బాలశౌరి గారికి యాభై తొమ్మిదేళ్ళు. సొంతూరు మైలవరం పక్కన. ఇప్పుడు గుణదలలో అద్దెకి ఉంటారు. ఆయన భార్య తెరేసమ్మ ఒక బళ్ళో ఆయాగా చేస్తుంది. బాలశౌరి గారు మా దగ్గర పంతొమ్మిదేళ్ళుగా బండి నడుపుతున్నారు. ఈ పంతొమ్మిదేళ్ళలో మా బండి ఒక కోడిపిల్లని కూడా తొక్కలేదు. స్టీరింగ్ ముట్టుకునే ముందు సిలువ గుర్తు వేసుకుంటారు. మధ్యాహ్నం భోజనం చేశాక మాత్రం బండిని నీడకి తీసి సీటు వెనక్కి వాల్చి సరిగ్గా ఇరవై నిమిషాలు పడుకుంటారు. ఎంత తొందర పని ఉన్నా, నేను నెత్తీ నోరూ బాదుకున్నా తాళం తిప్పరు.

"బేరాలు మీరు కొట్లో చేసుకోండమ్మగారూ. నిద్రతో బేరం లేదు" అంటారు.

మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తెరేసమ్మ సంగతి చెప్పింది. బాలశౌరి గారి నాన్న జోజయ్య కూడా డ్రైవరే. ఒక ప్రైవేటు బస్సు నడిపేవాడట. ఎనభై రెండులో, మధ్యాహ్నం భోజనాలైన గంటకి, ఆ బస్సు మలుపు దగ్గర తిన్నగా పోయి కాలవలో పడింది. ఇద్దరు చచ్చిపోయారు. తిని కునుకు తీశాడని లోకమంతా అంది, ఓనరూ అదే అన్నాడు, పోలీసులు కాగితం మీద అదే రాశారు. స్టీరింగ్ పట్టేసింది, ఎంత తిప్పినా తిరగలేదు, నేను నిద్రపోలేదు అని జోజయ్య ఒక్కడే అన్నాడు. మళ్ళీ ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత మంచంలో పోయేదాకా, చెవులు వినపడక, ఎవరేమడిగినా అదే జవాబు చెప్పేవాడట. "అన్నం తింటావా నాయనా" అంటే "నేను నిద్రపోలేదురా" అనేవాడట.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

ఇప్పుడు నడిపే కారు నిరుటి ముందటేడు కొన్నది. దాని ముందు అద్దంలో ఒక కెమెరా ఉంది. అది రోడ్డు మీద గీతలు చూస్తూ ఉంటుంది. బండి గీత దాటితే గంట కొట్టి, స్టీరింగుని తనే కాస్త తిప్పి మళ్ళీ గీతల మధ్యకి లాగుతుంది. కొన్న రోజే బాలశౌరి గారు దాన్ని ఆపించేశారు. "మన రోడ్ల మీద గీతలెక్కడున్నయ్యండీ, దీని పిచ్చి కాకపోతే" అన్నారు. అంతటితో దాని సంగతి మర్చిపోయాం.

కార్తీకమాసంలో సర్వీసుకి ఇచ్చినప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వేసి పంపారు. ఆ రోజు నుంచి పీడ పట్టుకుంది, ఆపినా మర్నాటికి మళ్ళీ మొదలయ్యేది. ఏలూరు రోడ్డులో ఆటోని తప్పిస్తే టింగ్ టింగ్ టింగ్. గుంత తప్పిస్తే టింగ్ టింగ్. స్టీరింగ్ ఒక్క వేలెడు పక్కకి ఉలిక్కిపడేది. ఎదుట తెర మీద కాఫీ కప్పు బొమ్మ వెలిగేది, దాని కింద 'మీరు అలసిపోయినట్టున్నారు, విశ్రాంతి తీసుకోండి' అని. నా ఫోనుకీ కబురొచ్చేది. డ్రైవరు గీత తప్పారు. డ్రైవరు మత్తుగా ఉన్నట్టున్నారు. మొదటి రోజు పదకొండు సార్లు వచ్చింది. నవ్వుకున్నాం. మూడో రోజు ఇరవై ఆరు. నాకు నవ్వు రాలేదు.

సర్వీసువాళ్ళకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి చక్కగా, మెత్తగా మాట్లాడింది. "రాజ్యశ్రీ మేడమ్, కొత్త వెర్షన్ చాలా సెన్సిటివ్ అండీ. బండిలో ఏ ప్రాబ్లమూ చూపించట్లేదు. డ్రైవర్‌గారికి ఒకసారి హెల్త్ చెకప్ చేయించండి."

ఆ మాట నేను పొల్లుపోకుండా బాలశౌరి గారికి చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పటి నుంచి ఆ మనిషి పడిన భయం నేను కళ్ళారా చూశాను. మధ్యాహ్నం అన్నం మానేసి మజ్జిగతో సరిపెట్టుకున్నారు. ఇరవై నిమిషాల నిద్ర నలభై అయింది. కళ్ళ కింద అమృతాంజనం రాసుకుని, కన్నీళ్ళు కారుతుండగా బండి నడిపేవారు. స్టీరింగ్ ఎంత గట్టిగా పట్టుకునేవారంటే అరచేతులు బొబ్బలెక్కాయి. కంటి డాక్టరు దగ్గరికి పోయారు, షుగరు చూపించుకున్నారు, గుండె చూపించుకున్నారు. అన్నీ బాగున్నాయన్నారు. దాంతో ఇంకా బెదిరిపోయారు.

"ఏ జబ్బూ లేదంటే ఇంకేంటమ్మగారూ? మేలుకునే ఉన్నాననుకుంటా నిద్రపోతన్నానా? నాకు తెలవకుండానే?"

ఒక రోజు తెరేసమ్మ కొట్టుకి వచ్చింది. చీరల మధ్య నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున ఇడ్లీ తింటా తింటా ఆగిపోయి, 'తెరేసా, నేనిప్పుడు మేలుకునే ఉన్నానా?' అని అడిగారమ్మా. ఉన్నారు కదండీ, తింటన్నారు కదా అన్నా. 'తింటన్నట్టు కలేమో' అన్నారు. పని మానుకోమంటే వినరు. మానుకుంటే వాళ్ళ నాయన లెక్క అయిపోద్దంట."

ఆ రోజైనా నాకు బుద్ధి ఉండాల్సింది. రెండు రోజులకి బెంజి సర్కిల్ దగ్గర కారు దానంతటది ఎడమకి లాగింది, ఆయన కుడికి గుంజారు, ఆ పెనుగులాటలో పక్కనున్న ఆటోకి వెంట్రుకవాసిలో తప్పింది. నాకు భయమేస్తే అది కోపంగానే బయటికొస్తుంది.

"ఆ మిషనుకి మీ మీద పగా బాలశౌరి గారూ? లక్షల బళ్ళకి పెట్టారు దాన్ని. అది లాగితే దాని దారికి వదిలెయ్యండి, మొండికేసి మీరు గుంజొద్దు. నిద్రపోలేదు, నిద్రపోలేదు అంటారు. మీ నాన్నగారూ అదే అన్నారు కదా!"

ఆయన అద్దంలో నా వంక ఒక్కసారి చూశారు. "అట్టాగేనమ్మగారూ" అన్నారు.

తర్వాతి సోమవారం కప్పలదొడ్డి బయల్దేరాం. అక్కడి నేతవాళ్ళు మాకు చీరలు నేస్తారు. కొత్త అంచు మగ్గం మీద ఎలా వస్తోందో చూడాలి. గూడూరు దగ్గర హైవే దిగి కాలవగట్టు రోడ్డెక్కాం. పదకొండు గంటల ఎండ. కోతలైపోయి రైతులు రోడ్డు సగానికి ధాన్యం ఆరబోశారు. మా వైపు ఎడమ సగమంతా ధాన్యం, కుడి సగం బళ్ళకి, ఆ పక్కనే కాలవ. అడ్డు గోడ లేదు, రాయి లేదు. కాలవ నిండా గుర్రపుడెక్క. ధాన్యం మీదికి మోటారు సైకిళ్ళు ఎక్కకుండా దాని అంచు వెంట సున్నం పూసిన రాళ్ళు వరసగా పేర్చారు. ప్రతి ఏడూ చూసేదే. కెమెరా మళ్ళీ మొదలయ్యాక కారు మాత్రం దాన్ని మొదటిసారి చూసింది. ఆ రాళ్ళ వరస దానికి తెల్లగీతలా కనపడిందని మాకు తర్వాత తెలిసింది. గీతకి మరీ దగ్గరగా పోతున్నామని, దాని నుంచి పక్కకి జరగాలని అది అనుకుంది. పక్కన ఉన్నది కాలవ.

టింగ్ టింగ్ టింగ్. కాఫీ కప్పు వెలిగింది. స్టీరింగ్ కుడికి తిరిగింది.

నేను వెనక సీట్లో కూర్చుని ఆయన చేతుల వంకే చూస్తున్నాను. ఆ చేతులు బిగుసుకోలేదు. పది వేళ్ళూ మెల్లగా విచ్చుకున్నాయి. స్టీరింగ్ వదిలేశారు.

కిటికీలో రోడ్డు లేదు. ఆకుపచ్చగా గుర్రపుడెక్క, దాని సందుల్లో నల్లటి నీళ్ళు. చచ్చిపోతున్నాం అనుకున్నాను. "బాలశౌరి గారూ!" అని నేను పెట్టిన కేక నాకే వినపడలేదు. ఆయనకి వినపడింది. రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని ఎడమకి తిప్పేశారు. వెనక చక్రం గట్టు అంచుని కోసింది. మట్టిపెళ్ళలు నీళ్ళలో పడిన చప్పుడు విన్నాను. కారు సున్నం రాళ్ళని ఎగరగొట్టి, ఆరబోసిన ధాన్యం దున్నుకుంటూ పోయి, అవతల పోగేసిన రాశిలో బానెట్టు దాకా దిగబడి ఆగింది. అద్దం మీద గింజలు వానలా పడ్డాయి.

ఆ ధాన్యం తాలూకు రైతు వెంకటప్పయ్య గొడుగు కింద కుర్చీలో కూర్చుని గొడ్లని అదిలిస్తున్నాడట. కర్ర పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, నీకు కళ్ళున్నయ్యా లేవా? ఆరుగాలం కష్టపడి..." అంటూ మా మొహాలు చూసి ఆగిపోయాడు.

బాలశౌరి గారు తలుపు తీసుకుని దిగి ధాన్యంలోనే కూర్చుండిపోయారు. దెబ్బ తగిలిందా అని నన్ను అడగలేదు. బండి వంక చూడలేదు. ఆ రైతు వంక చూసి ఒకటే అడిగారు.

"నేను నిద్రపోయానాండీ?"

వెంకటప్పయ్యకి అర్థం కాలేదు. "నిద్రేంటయ్యా? గుడ్లప్పగించి నా వంకే చూస్తా వచ్చావుగా. నేను లేచి చెయ్యి ఊపితే తల కూడా ఊపావు. నిక్షేపంగా మేలుకునే ఉన్నావు. ఉండుండి చేతులెందుకు వదిలేశావో, అది నాకు బోధపళ్ళా."

"ఇంకోసారి చెప్పండి."

"మేలుకునే ఉన్నావయ్యా!"

"ఒట్టా అండీ?"

"ధాన్యం మీద నిలబడి అబద్ధమాడతానా?"

బాలశౌరి గారు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చారు. అంత పెద్దమనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఎందుకు వదిలేశారని అడిగాను. జవాబు నాకు తెలుసు, అయినా అడిగాను.

"నిద్రలో ఉన్నానేమో, అది నన్ను కాపాడతందేమో అనుకున్నానమ్మగారూ. మీరు వదిలెయ్యమన్నారుగా."

ఆ మాటకి నేను ఏ కాలవలో దూకాలి?

ముగ్గురం కలిసి చెదిరిన ధాన్యం ఎత్తాం. నేను కొంగులోకి ఎత్తాను. వెంకటప్పయ్య మొదట వద్దన్నాడు, తర్వాత నా మొహం చూసి ఊరుకున్నాడు.

కారుని ఆటోనగర్‌లో ఉమామహేశ్ అనే ఎలక్ట్రీషియన్ దగ్గరికి చేర్చాం. అతను ఏ వైరూ ముట్టుకోకుండా ముందు తనే ఆ వీధుల్లో పది నిమిషాలు నడిపి వచ్చాడు.

"నన్ను మూడుసార్లు పడుకోమందండీ" అన్నాడు నవ్వుతూ. "ఈ నెలలో ఇట్టాంటిది మీది నాలుగో బండి. కొత్త సాఫ్ట్‌వేర్ పడ్డాక తారు అతుకునీ, నీడనీ, ముగ్గునీ కూడా గీతే అనుకుంటంది. ఇంకో సంగతి, మీరు ఆపేసినా తాళం తిప్పిన ప్రతిసారీ అదే ఆన్ అయిపోద్ది. రోజూ నొక్కి ఆపుకోవాల్సిందే."

మేం నవ్వలేదు. సర్వీసువాళ్ళకి ఫోన్ చేసి, నా కోపాన్ని పుట్టినప్పటి నుంచి మొదటిసారి సరైన చోట వాడాను.

వారం తర్వాత బాలశౌరి గారు మళ్ళీ బండెక్కారు. ముందు సిలువ గుర్తు, తర్వాత తాళం, ఆ వెంటనే మీట నొక్కి దాన్ని ఆపారు. నేను ఇప్పుడు ముందు సీట్లోనే కూర్చుంటున్నాను. ఆయన మీద నమ్మకం లేక కాదు, నాకు ఇంకా భయం. పెడన నేతవాళ్ళ దగ్గరికి పోతూ ఉయ్యూరులో భోజనం చేశాం. ఆయన చాలా రోజుల తర్వాత అన్నం తిన్నారు. బండి నీడకి తీసి సీటు మాత్రం వాల్చలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

"పడుకోరా?" అన్నాను.

"నిద్ర రావట్లేదమ్మగారూ." స్టీరింగ్ వంకే చూస్తూ అన్నారు. "స్టీరింగ్ పట్టిన కాణ్నుంచీ రోజూ ఇరవై నిమిషాలు పడుకుంటన్నా. ఎందుకు? మా నాయన తిని నిద్రపోయాడు, నేనట్టా చెయ్యకూడదని. లోకం అందంటే ఒక దారి. ఇంట్లో నేనూ నమ్మలేదు. ఆ రోజుల్లో అన్నానికి ఇంటికొస్తే ఆయన చూస్తా ఉండేవాడు, నేను రోజూ ఎదురుగా పడుకునేవాణ్ణి."

"స్టీరింగ్ నిజంగా పట్టేసిందంటారా?" అని మాత్రం అడగగలిగాను.

"నాకు తెలవదు. ఆయనకి వెంకటప్పయ్య గారి లాంటోడు ఒక్కడు దొరకలా. కొడుకుని, నేనన్నా ఉండొచ్చుగా?"

ఆ రోజు పెడన పని మానేసి బండి వెనక్కి తిప్పించాను. మైలవరం పక్కన వాళ్ళ ఊరి సమాధుల దగ్గరికి చేరేసరికి నాలుగైంది. సమాధుల పండగ వెళ్ళి నెల దాటింది. అప్పుడు పెట్టిన కొవ్వొత్తుల మైనం రాళ్ళ మీద అలాగే ఉంది. బాలశౌరి గారు చెప్పులు విప్పి జోజయ్య సమాధి ముందు నిలబడ్డారు.

"నాయనా, నువ్వు నిద్రపోలేదు" అన్నారు.

కాసేపు చూసి, వంగి, ఈసారి ఇంకా గట్టిగా, అరిచినట్టు చెప్పారు. ముసలాయనకి చివర్లో చెవులు వినపడేవి కావు.