పటంలో పచ్చగా వచ్చిన కాలనీ

మొన్న మా వాకిట్లో ఒక టెంపో ఆగింది. డ్రైవరు చేతిలోని ఫోను "కుడివైపు తిరగండి" అని ఆడగొంతుతో చెబుతూనే ఉంది. కుడివైపు మా గోడ తప్ప ఏమీ లేదు. టమోటా మార్కెట్టుకు దారి నేనే చూపించి పంపాను. ఆ గొంతు మాత్రం చెవిలో ఉండిపోయింది. సునంద ఉన్నన్నాళ్లూ ఆమె ఫోనులోంచి మా ఇంట్లో వినిపించిన గొంతు అది.

సునందది కడప. మనసుకు వచ్చే జబ్బుల మీద పెద్ద చదువు చదువుతూ, మా పత్తికొండ చుట్టుపక్కల తిరగడానికి వచ్చి మా ముందు గదిలో బాడుగకు దిగింది. ఇంటింటికీ పోయి మనసు ఎలా ఉందో అడిగేది. ఆ ఇంటికి దుకాణం, బస్సు, ఆసుపత్రి ఎంత దూరమో, నడిచే దారిలో నీడ ఉందో లేదో కూడా చూసుకునేది. అవన్నీ కంప్యూటరులో ఊరి పటం మీద ఒకదానిపై ఒకటి పరిచేది. బాధ ఎక్కువున్న చోట ఎరుపు, లేని చోట పచ్చ. పేర్లు ఎక్కడా ఉండవు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ పిల్ల గది దాటితే చాలు, ఫ్యాను ఆపేసేదాన్ని. ఈ పని నాకు మరీ దండగనిపించింది.

"మనసు మనిషిలో ఉంటే నువ్వు రోడ్లు కొలుస్తాండావేంది పాపా?" అన్నాను ఒకరోజు.

"ఆ మనిషి యాడో ఒకచోట బతకాల గదవ్వా," అంది.

మా చెల్లెలు నాగమ్మ ఇల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. ఊరికి దూరంగా కొత్త కాలనీలో ఇల్లిచ్చారు. అక్కడికి వెళ్లాక తిండి తగ్గించింది, మాట తగ్గించింది. సిమెంటు ఇల్లు, ఇంట్లోనే కుళాయి, ఇంకేం కావాలి దీనికి అనుకున్నాను. ఆసుపత్రిలో చూపిస్తే ఒంట్లో ఏమీ లేదన్నారు. సునంద ఆ కాలనీకి పోతుంటే నేనూ వెంట వెళ్లాను.

పొరపాటు అక్కడే జరిగింది. "ఒంటరిగా ఉన్నట్టు అనిపిస్తుందా?" అన్నది ఆమె ప్రశ్నల్లో ఒకటి. మా వైపు ముత్తయిదువను ఆ మాట అడగరు. ఒంటరి అంటే అందరినీ పోగొట్టుకున్న మనిషి. నాగమ్మ పుస్తె కళ్లకద్దుకుంది.

"నా మొగుడుండాడు, కొడుకులుండారు. నేనెందుకు ఒంటరినైతా తల్లీ? అట్ల అనగాకు."

కాలనీలో ఆడవాళ్లందరిదీ అదే జవాబు. పటంలో కాలనీ పచ్చగా వచ్చింది. ఆ రాతినేల మీద అంత పచ్చదనం నేనెన్నడూ చూడలేదు.

సునందకు నమ్మకం కుదరలేదు. మళ్లీ వెళ్లి, ఈసారి ఏమీ అడగకుండా నాగమ్మ పక్కన కూర్చుని అనపకాయలు ఒలిచింది. చాలాసేపటికి నాగమ్మే నోరు తెరిచింది.

"పొద్దు పోదు తల్లీ. ఆ ఇంటికాడ అరుగు మీద కూసుంటే వచ్చేటోళ్లు, పోయేటోళ్లు. పొద్దెప్పుడు పోయేదో తెల్సేదే కాదు. ఈడ గడప దాటితే ఎండ. ఎవురి తలుపు వాళ్లు ఏసుకుంటారు."

సునంద ప్రశ్న మార్చింది. పొద్దు పోతోందా అని అడుగుతూ కాలనీ అంతా మళ్లీ తిరిగింది. ఆ ఒక్క మాటకు ఆడవాళ్లు ఆమెను కూర్చోబెట్టుకుని గంటలు చెప్పారు. ఈసారి పటం ఎర్రబడింది. నాకు చూపిస్తూ, ఇందులో నాగమ్మ తప్పేమీ లేదంది. ఇళ్లకు అరుగుల్లేవు, వీధిలో నీడ లేదు, పాత ఇరుగుపొరుగును లాటరీ తీసి తలా ఒక మూలకు వేశారు. నలుగురు కూర్చునే చోటే లేకుండా కట్టారంది. అంతవరకూ నా లెక్కలో జబ్బు ఉంటే ఒంట్లో ఉండాలి, లేకపోతే అది వేషం.

ఆ పటం పట్టుకుని సునంద ఆఫీసుల చుట్టూ తిరిగింది. కాలనీ మధ్యలో ఒక రేకుల పందిరి, కూర్చోవడానికి ఒక తిన్నె అడిగింది. అందరూ మర్యాదగా చూశారు. రంగులు బాగున్నాయన్నారు. పందిరి రాలేదు. ఆమె చదువు గడువు మాత్రం ముగిసింది.

"ఎండ యాడుండాదో గీసినానవ్వా. నీడ తేలేకపోతి," అంది కడప బస్సు ఎక్కుతూ.

కిటికీ పక్క సీటు పట్టుకోమని చెప్పాను.

నాగమ్మ ఇప్పుడు మాట పూర్తిగా మానేసింది. మనసు డాక్టరు ఇచ్చిన మందులకు నిద్ర పడుతోంది, మాట రాలేదు. సునంద కొంచెం ముందు వచ్చి ఉంటే, ఆ నాలుగు రేకులు ఎవరైనా వేసి ఉంటే అనుకుంటూ ఉంటాను. ఆ పిల్లకు కబురు చెప్పడానికి నోరు రాలేదు.

శుక్రవారం శుక్రవారం ఆటో ఎక్కి ఆ కాలనీకి పోతాను. పని లేకుండా ఒకరింటికి పోవడం నా ఒంటికి పడేది కాదు. ఊరకే పక్కన కూర్చోవడం కూడా పనేనని సునందను చూసి నేర్చుకున్నాను. వాకిట్లో గోడవార కూర్చుంటాం. మధ్యాహ్నానికి ఆ గోడ నీడ జానెడు మిగులుతుంది. పోయిన వారం నాగమ్మ కొంగు దగ్గరికి లాక్కుని, ఆ జానెడు చోటూ నాకిచ్చి తాను ఎండలోకి జరిగింది.