గోనెల మీద దించిన పడవ

పుస్తకాల సంచి బరువని ఆరో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి దుబాయ్ వచ్చి, సెలవు రోజున, కల్బా కొండల్లో తెడ్ల పడవను నెత్తిన మోశాను. కొండల మధ్య చెరువులో తిరుగుదామని నా రూమ్మేట్ లింగన్నా నేనూ బయలుదేరాం.

దారిలో ఈమధ్యే కాలిపోయిన ఖర్జూర తోట. మెడలు పట్టేసి, నల్లటి మోడుల కింద కనిపించిన తడి గోనెల మీద పడవ దించాం.

"మనకోసం పరుపులేసిండ్రన్నా," అన్నాను.

ఇంతలో తోట యజమాని, అరబ్బు ముసలాయన, వచ్చాడు. పడవ వంక ఒకసారి చూసి, మమ్మల్ని కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, గహ్వా అనే వాళ్ల కాఫీ పోశాడు. చాలనడానికి కప్పు ఊపాలని నాకు తెలియదు. ఆయన పోస్తూనే ఉన్నాడు, నేను జోకులేస్తూ తాగుతూనే ఉన్నాను. చివరికి లింగన్న నా కప్పు లాక్కుని ఊపాడు.

అప్పుడు ముసలాయన హిందీలో మెల్లగా అన్నాడు: "ఇక పడవ తియ్యి బేటా. గోనెల్లో పిలకలున్నాయి. మంటల్లో మిగిలినవి అవే."

పడవ ఎత్తి చూస్తే, ఐదు పిలకల్లో మూడు విరిగాయి. అతిథి తాగడం అయ్యేదాకా అతని తప్పు ఎత్తిచూపకూడదట, అది వాళ్ల మర్యాద.

తిరుగుదారిలో, మళ్లీ పడవ నెత్తినెత్తుకుని, "ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదన్నా," అన్నాను.

"తిడితే నీ బరువు దిగుతది గదరా," అన్నాడు లింగన్న. "మొయ్యి."