పాదాశ్రయం

ఆ రోజుల్లో మాటకు బరువుండేదని మావంటి వృద్ధులు తరచుగా అంటూ ఉంటాము. ఉండేదే, కాకపోతే ఆ బరువు ఎవరి కాలిమీద పడుతుందో ముందుగా తెలిసేది కాదు. నేను వ్యాకరణాలంకారాలు చదువుకొని, సినిమాలకు మాటలు వ్రాయాలనే దుర్బుద్ధితో హైదరాబాదు చేరి, కృష్ణానగర్‌లో ఇద్దరు నృత్య కళాకారులతో కలిసి ఒకే గదిలో ఉండేవాణ్ణి. (తెల్లవారుజామున వారు అడుగులు సాధన చేసేవారు, నేను పద్యాలు వల్లించేవాణ్ణి. రెండింటిలో ఏది ఎక్కువ బాధాకరమో క్రింది వాటాలోని ఇంటి యజమాని చివరివరకూ తేల్చుకోలేకపోయాడు.) ప్రతి ఉదయమూ అక్కడినుండి ఎత్తు ఎక్కి ఫిల్మ్‌నగర్‌లోని ఒక నిర్మాతగారి ఇంటికి నడిచిపోయేవాణ్ణి. ఆయన తుమ్మడానికైనా పంచాంగం చూస్తారని ప్రతీతి గనుక చాటున ముహూర్తంగారనేవారము. ఆయనకు వచ్చే ఉత్తరాలకు జవాబులు వ్రాయడం నా ఉద్యోగం. ఆయన తీయబోయే చిత్రానికి మాటలు వ్రాయడం నా కల.

ఆ ఇంటికీ, పొరుగింటికీ సరిగ్గా నడుమ ఫుట్‌పాత్ బండలు పగిలి, పైకి లేచి, వాటి మధ్య ఒక గొయ్యి నోరు తెరుచుకొని ఉండేది. నీటి గొట్టం కోసం తవ్వినవారు తవ్వడంతోనే తమ ధర్మం తీరినదని భావించారు. పొరుగింటిలో కాకినాడనుండి వచ్చిన టీచరమ్మగారుండేవారు. బడినుండి విరమించి, చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. ఒక ఆదివారం ఆమె ప్రార్థనకు వెళుతూ ఆ గోతిలో కాలు మడతపెట్టుకొన్నారు. మరునాడు కుంటుకుంటూ మా వరండాకు వచ్చారు.

“ఏవండీ, పన్ను కట్టేది నేను, తవ్వేది వాళ్ళు, పడేది మళ్ళీ నేనేనా?”

“గేటు లోపలంతా నాదండీ, బయటంతా గవర్నమెంటుది,” అన్నారు ముహూర్తంగారు. “వాళ్ళ బండకి నేను సిమెంటు పెడితే రేపు రోడ్డు కూడా వేయమంటారు!”

“సరేలెండి. మీ సినిమా మొదలుపెట్టే రోజున హీరోగారు కారు దిగి నేరుగా అందులోనే కాలు పెడతారు.”

ముహూర్తంగారి ముఖం వెలవెలబోయింది. ఆమె వెళ్ళగానే నావైపు తిరిగి, “ఏమయ్యా పండితుడూ, ముహూర్తం లోపల ఆ బండలు సర్కారు ఖర్చుతో వేయించావంటే మన సినిమాకి మాటలు నువ్వే. లేదంటే ఇంకెవరినైనా చూసుకుంటా,” అన్నారు.

ఒక అర్జీకి నా జీవితం ముడిపడినప్పుడు సామాన్యమైన తెలుగులో వ్రాయడానికి నాకు మనసొప్పలేదు. ‘సకల జనులకును పాదాశ్రయమైన యీ శిలలు మిగుల శిథిలములై యున్నవి గావున జీర్ణోద్ధరణము గావింప ప్రార్థన’ అని వ్రాసి, ఆ సమాసపు సొగసుకు నేనే కన్నీరు పెట్టుకొని, నగరపాలక కార్యాలయంలో సమర్పించి వచ్చాను. అక్కడివారు దానిని శ్రద్ధగానే చదివారు. జీర్ణోద్ధరణ అనే మాట దేవాలయాలకు తప్ప మరి దేనికీ వాడగా వారెన్నడూ వినలేదు. కనుక దానిని గుళ్ళ వ్యవహారాలు చూసే కార్యాలయానికి భద్రంగా పంపించివేశారు.

కొన్నాళ్ళకు సంచి తగిలించుకొని ఒక ఉద్యోగి చెమటలు కక్కుతూ మా గేటు దగ్గరకు వచ్చాడు. “సార్, ఏ దేవుని పాదాలు? గుడి గీడనేనా? గీ సందులన్నీ తిరిగిన, గోపురం ఒక్కటి గూడ కండ్లవడలే.”

నాకు విషయం బోధపడి చెమటలు నాకూ పట్టాయి. పాదాలకు ఆశ్రయమని నా భావం. పాదాలే ఆశ్రయమని వారు గ్రహించిన భావం. అప్పుడైనా ‘అయ్యా, ఇది ఫుట్‌పాత్’ అని ఉంటే కథ అక్కడితో ముగిసేది. కాని చదువు ఊరుకోనిస్తుందా? “అయ్యా, తమరు సమాసాన్ని అపార్థం చేసుకొన్నారు. విగ్రహవాక్యం చెబుతాను, వినండి,” అని పగిలిన బండలవైపు చెయ్యి చూపాను. (సమాసాన్ని విడదీసి అర్థం చెప్పడానికి వైయాకరణులు పెట్టిన పేరది. వారు ఫిల్మ్‌నగర్‌ను ఊహించి ఉండరు.)

“ఓ, విగ్రహం గూడ ఉన్నదా? ముందుగాల చెప్పొద్దా మరి!” అని ఆయన చటుక్కున చెప్పులు విడిచాడు.

ఆ మాట ప్రక్కనే నిలిచిన ఆటో డ్రైవరు చెవిని పడింది. “జర పక్కకు జరుగుండ్రి, దేవుని జాగ గిది. చెప్పులేసుకొని నిలవడ్డరేంది?” అని వచ్చేపోయేవారిని అదిలించడం మొదలుపెట్టాడు. నేను వ్యాకరణం చెబుతూనే ఉన్నాను; వినేవారు లేరు. మరునాటికి ఆ బండలకు పసుపు, కుంకుమ, బంతిపూలదండ అమరాయి. ఉద్యోగి మాత్రం గుడి కనబడలేదని వ్రాసుకొని వెళ్ళిపోయాడు. సర్కారునుండి చిల్లిగవ్వ రాలేదు. ఆటోవారు ఇసుక తెచ్చారు. వేషాల కోసం తిరిగే కృష్ణానగర్ కుర్రకారు తట్టలు మోశారు. గేటు బయట గుప్పెడు సిమెంటు పెట్టనన్న ముహూర్తంగారు నున్నని గ్రానైటు పలకలు తెప్పించి, చుట్టూ ఇత్తడి కమ్మీ వేయించారు. టీచరమ్మగారు కూడా రెండు సిమెంటు బస్తాలు పంపుతూ, “నేనివ్వడం దేవుడికి కాదు బాబూ, నా కాలికి,” అన్నారు. ఆ ఫుట్‌పాత్‌ను ఫుట్‌పాత్‌గా భావించి ఖర్చుపెట్టినది లోకంలో ఆమె ఒక్కరే.

పని ముగిసినది. అద్దంలా మెరిసే ఆ పలకల దగ్గరకు రాగానే జనమంతా భక్తితో ఒక నమస్కారం పెట్టి, రోడ్డుమీదకు దిగి, కార్ల నడుమనుండి చుట్టూ తిరిగి వెళ్ళసాగారు. టీచరమ్మగారు గేటు దగ్గర నిలిచి చాలాసేపు చూశారు. “బండలు బాగయ్యాయి బాబూ. ఇక నడవడానికి ఒక ఫుట్‌పాత్ కావాలి,” అన్నారు.

ముహూర్తంగారు నన్ను పిలిపించారు. “నీ ఒక్క మాటకి జనం కదిలారయ్యా! అయితే నువ్వు తోలిన వైపు మాత్రం కాదు. మాటలు నువ్వే రాయి. రాసినవన్నీ ముందు టీచరమ్మగారికి చదివి వినిపించు. ఆవిడకి అర్థమైతేనే నా దగ్గరికి తీసుకురా.” ఆమె ఎర్ర సిరా కలంతో సిద్ధంగా కూర్చునేవారు. నా తొలి చిత్రంలో నేను వ్రాసినవి వ్రాసినట్లు మిగిలినవి రెండే మాటలు: ‘రండి’, ‘కూర్చోండి’. హాలులో ఆ రెండు మాటలు వినబడినప్పుడు నా ప్రక్క సీటులోనివారి చెయ్యి పట్టుకొన్నాను. ఆయనెవరో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు నా మోకాళ్ళు సమతలమైన నేలను తప్ప మరి దేనినీ గౌరవించవు. సాయంకాలపు నడకలో ఆ వీధికి వెళతాను. టీచరమ్మగారు లేరు, కమ్మీ ఉన్నది, దండ ఉన్నది, నా పాదాలకు ఎంతో ఆశ్రయం కాగల నున్నని పలకలూ ఉన్నవి. అక్కడ దేవుడు లేడని నిశ్చయంగా ఎరిగినవాడు ఈ నగరంలో నేనొక్కడినే మిగిలాను. అయినా దగ్గరకు రాగానే చేతులు వాటంతటవే జోడవుతాయి. కర్ర ఊతగా రోడ్డుమీదకు దిగుతాను. వెనుకనుండి ఎవరో హారను మ్రోగిస్తారు. ‘వస్తున్నాను నాయనా, విగ్రహవాక్యం దాటి వస్తున్నాను,’ అనుకొని నాలో నేనే నవ్వుకొంటాను.