సభలో కునుకు

ఆ ఉదయం పనికి బయల్దేరే ముందు అక్క చేసిన చివరి పని పక్కబట్టలు దులపడం. దుప్పటి రెండు కొసలు తను పట్టుకుని, మిగతా రెండూ కుట్టుపనావిడ చేతికిచ్చి గట్టిగా విదిలించింది. "నీ చేతుల్లో సత్తువ లేదే. సూది తప్ప ఇంకేం ఎత్తలేవు" అని ఎప్పటిలాగే దెప్పి, దుప్పటి మడిచి పక్క దుకాణం మెట్ల కింద దూర్చి, క్యాంటీనుకు వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెలు తోముతూ తోముతూ ఒక్క క్షణం గోడకు చేరగిలబడింది. మళ్ళీ లేవలేదు.

వాళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లలు కారు. అద్దె గది పోయి, కుట్టుమిషనుతో సహా రోడ్డున పడ్డ రోజున, పేవ్‌మెంటు మీద కాస్త జరిగి చోటిచ్చిన మనిషి అక్క. "తల గోడవైపు పెట్టుకో. కాళ్ళు తొక్కితే తిడతాం. తల తొక్కితే తిట్టడానికి మనం ఉండం" అంది. అంతే, వావి కలిసిపోయింది.

అక్కడ పడుకునే వాళ్ళందరికీ ఒకటే బెడద, నీళ్ళబండి. పేవ్‌మెంటు కడగడానికి మునిసిపాలిటీ బండి తెల్లవారకముందే వచ్చేది. మనుషులున్నారా లేరా అని చూడకుండా పైపు తిప్పేవారు. తడిసిన బొంత సాయంత్రానికి కూడా ఆరేది కాదు. నిద్ర చాలక పనిలో తూగడం, తూగినందుకు పని పోవడం మామూలైపోయింది. ఒకసారి కుట్టుపనావిడ కునికిపాటులో మిషను సూదిని తన వేలిలోకే దింపుకుంది.

ఆ వేలికి గుడ్డపేలిక చుడుతూ అక్క అంది, "బండి తోలేవాణ్ణి తిట్టి లాభం లేదు. వాడిదీ మనలాగే నిద్రలేని బతుకు. తోలమన్నవాళ్ళ దగ్గరికి పోదాం."

మధ్యాహ్నాల్లో మార్కెట్టు వెనక గోడనీడన అందరూ కూర్చునేవారు. ఒకరు ఇళ్ళు అడుగుదామన్నారు, ఒకరు మరుగుదొడ్లు అన్నారు. మాట మాట పెరిగింది. "అన్నీ అడుగుదాం. ముందు నిద్ర అడుగుదాం. కంటినిండా నిద్రపోతే మిగతావి అడగడానికి ఓపికొస్తుంది" అని అక్క తేల్చేసింది. గొంతు పెద్దదని మూటలు మోసే మామను మాట్లాడమన్నారు. వార్డు మెంబరు గుమ్మం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగితే, చివరికి వాళ్ళ విషయం కౌన్సిల్ సమావేశానికి ఎక్కింది.

ఎక్కిందే గాని, ఆఖరి అంశంగా ఎక్కింది. ఆ రోజు అందరూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. పైన ఫ్యాన్లు, కింద మెత్తటి కుర్చీలు. మురుగుకాలవల మీద చర్చ సాగింది, పార్కు గేటుకు ఏ రంగు వెయ్యాలన్న దాని మీద ఇంకా సాగింది. ముందు మామ తల వాలింది. తర్వాత ఆ వరసంతా వాలింది. వాళ్ళ అంశం పిలిచేసరికి హాల్లో మామ గురక ఒక్కటే స్పష్టంగా వినిపిస్తోంది.

సభ్యులు నవ్వారు. అధ్యక్షుడు చిరాకుపడి, "సభకొచ్చి నిద్రేమిటి? లేపండి" అన్నాడు. కుట్టుపనావిడకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళ తిరుగుడూ గంగలో కలిసిందనుకుని మామను గిల్లబోయింది.

అక్క లేచి నిలబడింది. "లేపకండయ్యా. మా తరఫున మాట్లాడాల్సింది ఆయనే. మాట్లాడుతున్నాడు."

అక్క మామ వైపు చెయ్యి చూపించింది.

"తెల్లారకముందే నీళ్ళు పడితే లేచాడు. మూటలు మోసి ఇటొచ్చాడు. ఇక్కడ మీద నీళ్ళు పడవని నమ్మకం కుదిరింది, కన్ను మూతపడింది. మేం అడగడానికొచ్చింది ఇదే. కడగొద్దనడం లేదు. పొద్దెక్కాక కడగండి, మేమూ చీపురు పడతాం."

"రోడ్డేమన్నా పడకగదా?" అని ఒక సభ్యుడు గట్టిగానే అన్నాడు.

"కాదు బాబూ. పడకగది చూపించండి, రోడ్డు మీకే వదిలేస్తాం."

సభ్యుల్లో ఒకావిడ మెచ్చుకోలుగా బల్ల చరిచింది, ఇంకొందరూ చరిచారు. ఆ చప్పుడుకు మామ ఉలిక్కిపడి లేచి, "నా వంతొచ్చిందా?" అన్నాడు.

"అయిపోయింది మామా. బాగా మాట్లాడావు" అంది అక్క.

తర్వాతి సమావేశంలో తీర్మానమైంది. ఇక పొద్దెక్కాకే బండి వస్తుందన్నారు. మొదటి కొన్ని రోజులు మాత్రం ఎవరికీ నిద్ర పట్టలేదు. అలవాటు కొద్దీ ఆ వేళకు లేచి కూర్చుని, రాని నీళ్ళ కోసం ఎదురుచూశారు. "ఉచితంగా దొరికే స్నానం పోయింది" అని మామ వాపోయాడు.

ఆ తర్వాత వాళ్ళు ప్రతి సమావేశానికీ వెళ్ళారు. మార్కెట్టు మరుగుదొడ్డి రాత్రిళ్ళు కూడా తెరిచి ఉంటోంది. ఆడవాళ్ళు రాత్రిళ్ళు పడుకోవడానికి పాత గోదాముకు సున్నం వేస్తున్నారు. అక్క పోయాక జరిగిన సమావేశంలో కుట్టుపనావిడే లేచింది. చెప్పాల్సింది చెప్పే కూర్చుంది.

బయటికొస్తుంటే, తమ దగ్గర గిన్నెలు తోమిన ఆవిడ వెళ్ళే సభ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చిన క్యాంటీను వంటాయన కలిశాడు. "ఆవిడ కూడా ఇలాగే మాట్లాడేదటగా. మా దగ్గర మాత్రం, కుడిపక్కకొచ్చి పిలిస్తేనే పలికేది. ఎడమ చెవి చిన్నప్పుడే పోయిందిగా, మీకు తెలీదా?" అన్నాడు.

కుట్టుపనావిడ పడుకున్నది ఎప్పుడూ అక్కకు ఎడమపక్కనే. నిద్రపట్టేదాకా తన గోడంతా వెళ్ళబోసుకున్నదీ ఆ చెవికే. అక్క ప్రతి మాటకూ ఊ కొట్టేది.