ఆడవాళ్ల వైపు డీజే

వరంగల్ చౌరస్తా దగ్గర మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఇంటర్ చదివే రోజుల్లో, కాలేజీ అయిపోగానే నేను వచ్చి దుకాణంలో కూర్చోవాలి. కానీ నా కాళ్లు మేనమామ గోదాము వైపే పోయేవి. మామ పెళ్లిళ్లకు సౌండ్ సిస్టం కిరాయికి ఇచ్చేవాడు. మూలన పడేసిన ఒక పాత మిక్సర్‌ను నా ముందు పెట్టి, "ఖరాబైతే అయితది, నేర్చుకో బిడ్డా" అన్నాడు. దరువు తప్పకుండా రెండు పాటలను కలపడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఒక పాట ఎక్కడ ఆగిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిన రోజు, గోదాములో ఒక్కదాన్నే ఎగిరి గంతేశాను.

పెద్దమ్మ కూతురి హల్దీకి మాట్లాడుకున్న డీజే రాలేదు. పసుపు పూసుకున్న ఆడవాళ్లంతా ఊరికే కూర్చుండిపోయారు. మామ నా వైపు చూశాడు.

"ఆడపిల్ల స్పీకర్ల కాడ నిలబడుడేంది? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?" అన్నాడు నాన్న.

"చూడనీ బావా. చూసినంకనే గదా అనుకునేది" అన్నాడు మామ.

నేను అప్పటికే వైర్లు కలుపుతున్నాను. కాసేపటికి మోకాళ్ల నొప్పుల నానమ్మ కూడా లేచి నాలుగు అడుగులు వేసింది. ఇంటికి వచ్చాక నాన్న, "చెవులు పగిలినయి గనీ, మంచిగనే కొట్టినవ్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ సర్టిఫికెట్‌తో సమానం.

ఆ హల్దీకి వచ్చిన కొత్తవాడ ముస్లిం కుటుంబం ఒకటి వాళ్ల అమ్మాయి మెహందీకి నన్ను పిలిచింది. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల వైపు పరదా ఉంటుంది, మగ డీజే లోపలికి రాడు. బయట ఏది మోగితే అదే విని ఊరుకునే ఆడవాళ్లు, ఆ రోజు తమకు కావలసిన పాట తామే అడిగారు. అక్కడి నుంచి పేరు పాకింది. ఏటూరునాగారంలో ఒక హల్దీలో ఎవరో తీసిన వీడియో ఫోన్లన్నీ తిరిగింది. కొంగు దోపుకుని మిక్సర్ ముందు నిలబడ్డది నేనే. దుకాణానికి గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్లు నాతో సెల్ఫీలు దిగారు. హైదరాబాద్ నుంచి కూడా పిలుపులు వచ్చాయి.

ఎవరికీ కాదని చెప్పలేదు. పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఇంకొక ఊరు. తిండి కారులోనే, నిద్ర కూడా అందులోనే. ఎడమ చెవిలో సన్నగా ఈల మొదలైంది, పట్టించుకోలేదు.

మరిపెడలో ఒక ముస్లిం పెళ్లింట్లో, మధ్యాహ్నం పూట, అందరూ ఎగురుతుండగా నాకు ఆ ఈల తప్ప ఏమీ వినిపించలేదు. వేళ్లు కదలలేదు. పాట ఆపేసి, స్పీకర్ వెనక కూర్చుని ఏడ్చాను. పెళ్లికూతురి నానమ్మ వచ్చి నా తల నిమిరింది.

"కడుపునిండ తిని ఎన్ని రోజులైంది బేటీ?"

కళ్లు తుడుచుకుని మళ్లీ మిక్సర్ వైపు లేవబోయాను.

"పాటల ఫికర్ జెయ్యకు. మాకు డోలక్ ఉన్నది."

నాకు అన్నం పెట్టించి, చాప మీద పడుకోబెట్టింది. అవతల ఆడవాళ్లు డోలక్ కొడుతూ పాడుతుంటే, ఎన్నో నెలల తర్వాత పాటను పాటగా విన్నాను.

చెవుల డాక్టరు, ఈల పూర్తిగా పోకపోవచ్చని, ఇక ముదరకుండా చూసుకోవాలని చెప్పాడు. నాలుగు నెలలు ఇంట్లోనే ఉన్నాను. అమ్మ మిక్సీ మానేసి రోట్లో నూరింది. జీవితమంతా స్టీలు మోత మధ్య బతికిన నాన్న, ఇంట్లో గ్లాసును కూడా చప్పుడు కాకుండా దించేవాడు. పని మానెయ్యమని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మళ్లీ నా షరతుల మీదే మొదలుపెట్టాను. వారానికి రెండే ఫంక్షన్లు. చెవుల్లో ప్లగ్గులు. సౌండు ఎంత దాటకూడదో గుర్తుగా మామ మిక్సర్ మీద ఎర్ర టేపు అంటించాడు.

మొన్న హనుమకొండలో పెళ్లికొడుకు మేనత్త వచ్చి, "ఇంతేనా సౌండు? జర పెంచు మేడమ్, గుండె అదరాలె" అంది.

"ఇంతే అక్కా. గీ సౌండ్‌కే మిమ్ములను ఎగిరిస్త, చూడుండ్రి" అన్నాను.

మూడో పాటకల్లా ఆవిడ చెప్పులు పక్కకు విడిచి, అందరికంటే ముందు నిలబడి ఎగురుతోంది.