హారతి అందుకున్న నవల

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగువాళ్ల గుడి మండపంలో, రైలుకు ఇంకా టైముందని నవల చదువుకుంటున్నాను. మా ఇంట్లో ఎవరి కంటా పడకూడదని పేపరు అట్ట వేసుకున్న నవల అది.

పురాణం వినడానికి చేరిన ఆడవాళ్లలో పెద్దావిడ పైడమ్మగారు నన్ను పిలిచారు. "ఈడ తెలుగు సదివీ పిల్లల్లేరు బాబూ. నీ పుస్తకమే సదువు, ఇంటాం."

"ఇది పురాణం కాదమ్మా. పూజారి కొడుకు ఇంకో మగవాణ్ణి ప్రేమించిన కథ," అన్నాను, వదిలేస్తారని.

"మరి ఆళ్లమ్మ ఏటన్నాది?"

తల్లి ఆ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ప్రసాదం పెట్టిన చోటు చదివాను.

"గుడిలో ఇదేటి కత!" అని ఒకావిడ విసుక్కుంది. నేను పుస్తకం మూసి లేచాను.

"హారతియ్యకుండా లెగిసిపోతావేటి?" అంటూ పైడమ్మగారు, ఏ పురాణానికైనా చేసినట్టే, నవలకు బొట్టు పెట్టి కర్పూరం వెలిగించారు. విసుక్కున్నావిడ ముందు పళ్లెం ఆపారు. ఆవిడ నవల మీది బొట్టు చూసి, హారతి కళ్లకద్దుకుంది.

"మరాళ్ల నాన్న ఒప్పుకున్నాడా?" అని అడిగింది కూడా ఆవిడే.

"నా రైలుకు టైమైందమ్మా."

"రైల్వే ఇళ్ల ఆడోళ్లం. ఇంకో బండి మేం ఎక్కిస్తాం, కూకో," అన్నారు పైడమ్మగారు.

బొట్టు పడిన పేపరు అట్ట విప్పి జేబులో పెట్టుకున్నాను. నవల పేరుతో మొదలుపెట్టి, గుడంతా వినపడేలా చదివాను.