మందు చప్పుడు, రంగు చప్పుడు

పక్కగదిలో ఆ మిషన్ కుర్రుమని మొదలైందంటే చాలు, పుష్పమ్మ చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. భర్త మద్దిలేటికి ఆయాసం వచ్చినప్పుడు మందును ఆవిరిలా చేసి ముక్కుకు అందించే మిషన్ అది. వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సుగా చేసే కూతురు నిరోష తెచ్చిపెట్టింది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అని చెప్పి మరీ వెళ్లింది. అలాంటిది దసరా దాటినప్పటి నుంచి అన్నం తిన్నాక మోగుతోంది, టీ తాగాక మోగుతోంది. మోగినప్పుడల్లా తలుపుకు లోపల గడియ పడుతోంది.

మద్దిలేటి సంగతి గద్వాల లారీ అడ్డాలో ఎవరినడిగినా చెబుతారు. పుణె దగ్గర ఒక షెడ్డులో ఇరవై ఏళ్లకు పైగా లారీలకు రంగు కొట్టాడు. సేటు మాస్కు ఇవ్వలేదు, ఈ మహానుభావుడు అడగనూ లేదు. మూతికి దస్తీ చుట్టుకుంటే అదే కవచమనుకున్నాడు. సాయంత్రం ముక్కు చీదితే ఆ రోజు ఏ రంగు లారీ కొట్టాడో చెప్పొచ్చు, అదొక గొప్పగా చెప్పుకుని నవ్వేవాడు. ఆ నవ్వు పోయి దగ్గు మిగిలాక ఇల్లు చేరాడు.

ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ప్లాస్టిక్ షీట్లు కోసి, అతికించి, అసలు లారీని ఇరవై నాలుగో వంతుకు కుదించి మూరెడు కూడా లేని లారీలు చేయడం మొదలుపెట్టాడు. ఓనర్లు తమ బండి నమూనా షోకేసులో పెట్టుకోవాలని ముచ్చటపడి అడిగేవాళ్లు. కుంచెతో వేస్తే మాత్రం గీతలు పడేవి. "లారీకి ఎంట్రుకలు మొలిసినట్టుంది" అని విసుక్కునేవాడు. రంగు చిమ్మే గన్నుతో కొడితే వచ్చే నునుపును ఆ చెయ్యి మరిచిపోలేదు. రంగు జోలికి పోవద్దని దవాఖానాలో గట్టిగా చెప్పారు గనుక పుష్పమ్మ గన్ను మాటే ఎత్తనిచ్చేది కాదు.

"మీ నాయినకు దమ్ము ఎక్కువైనట్టుందే. దినమంత మిషన్ పెట్టుకుంటుండు. అడిగితే ఏం లేదంటడు" అని నిరోషకు ఫోన్‌లో చెప్పుకుంది.

"ఆదివారం నేనొస్త అమ్మ. నువ్వు పరేషాన్ కాకు."

వద్దంటే ఆగుతుందా పరేషాను? పత్తి ఏరడానికి పిలిచినా పోకుండా ఇంట్లోనే కూర్చుంది. తాను లేనప్పుడు ఏమైనా అయితే గడియ ఎవరు తీస్తారని భయం.

ఆదివారం ఇంకా రానేలేదు. మోగుతున్న మిషన్ ఉన్నట్టుండి ఆగింది, లోపల ఏదో కిందపడ్డ చప్పుడైంది. పుష్పమ్మ భుజంతో ఒక్క తోపు తోస్తే పాత గడియ ఊడిపోయింది.

లోపల మద్దిలేటి నిక్షేపంగా ఉన్నాడు. ముక్కుకు పెట్టుకోవాల్సిన మాస్కు మంచం మీద పడుంది. మిషన్ గొట్టం పెన్నులాంటి ఒక చిన్న గన్నుకు తగిలించి ఉంది. రంగు సీసా కింద దొర్లుతోంది. మూతికి దస్తీ, చేతిలో సగం పచ్చబడ్డ లారీ. ముందు ఆమెకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

"నీ దమ్ము పోతదని నేనీడ సస్తుంటే, మందు మిషన్‌తోని లారీలకు సోకు చేస్తున్నవా?"

"అరవకు పుష్పా, నీళ్ల రంగే." దస్తీ దించాడు. "గన్ను ఆన్‌లైన్‌ల తెప్పించిన. మీట నొక్కితే రంగంత ఒక్కపారే ఉమ్ముతది. ఈ మిషన్ గాలి సాలుత లేదు. సుక్కలు సుక్కలు పడుతున్నయ్."

దొరికిపోయినవాడు తల దించుకోవాలి. ఈయన చుక్కలు పడుతున్నాయని ఫిర్యాదు చేస్తున్నాడు!

నిరోష వచ్చి తండ్రిని చెడామడా తిట్టింది. డాక్టర్‌ను అడిగితే మానడమే మంచిదన్నాడు. మానలేకపోతే నీళ్ల రంగు, సరైన మాస్కు, గన్ను చిమ్మే రంగు పొగను బయటకు లాగే ఫ్యాను తప్పవన్నాడు. పుష్పమ్మకు మొగుడి సంగతి తెలుసు. వద్దంటే మళ్లీ గడియ పెట్టుకుంటాడు. దొంగచాటుగా దస్తీతో కొట్టేకన్నా కళ్లముందు మాస్కుతో కొట్టడమే నయమనుకుంది. మందు మిషన్ ముట్టనని ఒట్టు పెట్టించుకుని, ముగ్గురూ కర్నూలు బస్సెక్కారు.

అక్కడ గన్నులమ్మే దుకాణంలో మద్దిలేటి, రంగు బయటికొచ్చే మూతిలో ఉండే సూదులే చూస్తూ కూర్చున్నాడు. మరీ సన్నదైతే రంగు గడ్డకట్టి మూసుకుపోతుంది, లావైతే అంత చిన్న లారీ మీద గీత అలుక్కుపోతుంది. ఆ తర్కం తెగేలా లేదు. పుష్పమ్మ దుకాణదారుడినే అడిగింది.

"వీటిల తక్కువ పొగ కొట్టేదేది?"

అతను ఒక గన్నులో నీళ్లు పోసి ఆమె చేతికిచ్చాడు. "నొక్కితే గాలొకటే వస్తాదమ్మా. మీట వెనక్కి లాగితేనే రంగు. ఎంత లాగితే అంత."

ఆమె నొక్కింది. అరచేతికి చల్లగా గాలి తగిలింది. కొంచెం లాగితే సన్నని తడి గీత పడింది.

"గాలి వేరు, రంగు వేరు. గట్లయితే గిదే ఇయ్యి" అంది. దానికి మధ్యరకం సూది పెట్టించుకుని మద్దిలేటి కూడా సరేనన్నాడు. గాలి కోసం ట్యాంకున్న చిన్న కంప్రెసర్ తీసుకున్నారు.

అట్టపెట్టెకు ఫ్యాను బిగించి కిటికీకి ఆనించారు. కొత్త కంప్రెసర్ ట్యాంకు నిండగానే తనంతట తాను ఆగిపోయేది. ఆ నిశ్శబ్దానికి మొదటిరోజు పుష్పమ్మ రెండుసార్లు తొంగిచూసింది. ఆయన మాస్కుతో, ముక్కు మీద కళ్లద్దాలతో, లారీ తలుపుకు పచ్చరంగు పలచగా పరుస్తున్నాడు. ఒక్క చుక్క పడలేదు. పాత మిషన్ పొద్దున, రాత్రి తప్ప మోగడం మానేసింది. కుర్రుమంటే మందు, బుస్సుమంటే రంగు అని ఆమె చెవికి అలవాటైంది. మళ్లీ పత్తి ఏరడానికి పోయింది.

సంక్రాంతి పోయాక ఒక మధ్యాహ్నం, మద్దిలేటి గన్ను విప్పి కడిగిపెట్టమని ఇచ్చాడు. ఆమె దాని ముక్కలన్నీ కడిగి, వాకిట్లో తెల్లగుడ్డ మీద ఆరబెట్టి పక్కనే కూర్చుంది. అప్పుడు లోపల కుర్రుమని మొదలైంది. అది మందు వేళ కాదు.

"ఏమయ్యా, ఏందది?"

కాసేపటికి, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ జవాబొచ్చింది. "రంగే... పుష్పా. రంగే... కొడుతున్న."

గుడ్డ మీద సూది, గిన్నె, మీట ఎండకు మెరుస్తున్నాయి. పుష్పమ్మ వాటినే చూస్తూ ఉండిపోయింది. ఇదివరకు మందు పేరుతో రంగు కొట్టినప్పుడు ఎంత తిట్టిందో, ఇప్పుడు ఈ అబద్ధం నిజమైతే బాగుండునని అంత కోరుకుంది.

"సరే, కొట్టు" అంది. "నిమ్మళంగ కొట్టు. తొందరేం లేదు."

కొంగుతో చేతులు తుడుచుకుని నిరోషకు ఫోన్ కలిపింది.